చచ్చిన కోడికే లెక్క... తగ్గిన గుడ్డుకు లెక్కేదీ?

ఎండలు ముదిరితే కోళ్ల రైతుకు కంటి మీద కునుకుండదు. కృత్తిక కార్తె మొదలు రోహిణి దాటే వరకు మధ్యాహ్నం మూడు గంటలైందంటే షెడ్డు చుట్టూ తిరగడమే పని. ఆ రోజుల్లో పత్రికల్లో వార్తలు కూడా ఒకే మోస్తరుగా వస్తుంటాయి. ఫలానా ఊళ్లో వెయ్యి కోళ్లు మృతి, ఫలానా మండలంలో ఐదు వేలు మృతి అని. నాలుగు చినుకులు పడగానే ఆ వార్తలు ఆగిపోతాయి. వాటితోపాటే ఆ విషయమూ మరుగున పడుతుంది.

అయితే తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కోళ్ల పరిశ్రమకు పట్టుగొమ్మలైన అనపర్తి, తణుకు ప్రాంతాల్లో గుడ్ల రైతులు చెప్పే లెక్క వేరు. చచ్చిన కోళ్ల వల్ల పోయిన దానికంటే, బతికి ఉన్న కోళ్లు మేత తినక, గుడ్డు పెట్టక, పెట్టిన గుడ్డు లారీ ఎక్కే దాకా నిలవక పోయేదే ఎక్కువని వారంటారు. ఈ మాటలో నిజముంది. ప్రభుత్వ సాయంగానీ, బీమాగానీ, వార్తగానీ చచ్చిన కోడినే చూస్తున్నాయి. అసలు నష్టం బతికున్న కోడి దగ్గర జరుగుతోంది.

2003, 2015 సంవత్సరాల వడగాడ్పులు జనానికి ఇంకా గుర్తున్నాయి. ఆ వేసవుల్లో మనుషులే పెద్ద సంఖ్యలో రాలిపోయారు. ఇక రేకుల కింద, ఇనుప బోనుల్లో ఉన్న కోళ్ల సంగతి చెప్పనక్కర లేదు. అలాంటి ఏడాది పదేళ్లకోసారి వస్తుందని సరిపెట్టుకోవచ్చు. కానీ 38, 39 డిగ్రీల మామూలు వేసవి ఏటా వస్తుంది. అప్పుడు కోళ్లు గంపగుత్తగా చావవు. వార్తా రాదు. రైతు మాత్రం ఏటా కొంత కొంత దిగిపోతుంటాడు.

చెమట పట్టని ప్రాణి

కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మనిషికి ఆ వేడి వస్తే ఆసుపత్రికి మోసుకుపోతారు. పైగా కోడికి చెమట గ్రంథులు లేవు. ఒళ్లంతా ఈకల దుప్పటి. చుట్టూ ఉన్న గాలి 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే అది హాయిగా ఉంటుంది. 30 దాటితే ఇబ్బంది మొదలు. 35 దాటితే మిగతా పనులన్నీ మాని, ఒంట్లో వేడిని బయటకు నెట్టడం ఒక్కటే దాని పని అవుతుంది. ఒంటి వేడి 46, 47 డిగ్రీలకు చేరితే ఇక బతకదు. అంటే మామూలు స్థితికీ చావుకూ మధ్య ఉన్న తేడా ఐదు డిగ్రీలే.

ఈ ఐదు డిగ్రీలు కాపాడుకోవడానికి కోడి ఏం చేస్తుందో కళ్లతో చూడవచ్చు. ముందు రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుంటుంది. రెక్కల కింద ఈకలు పలచన కనుక అక్కడ గాలి తగలనిస్తుంది. లోపలి అవయవాలకు పోవలసిన రక్తం తురాయికి, దవడ కింది ఎర్రతోలుకు, కాళ్లకు మళ్లుతుంది. నడవడం తగ్గిస్తుంది. పక్క కోడికి దూరం జరుగుతుంది. అదీ చాలకపోతే నోరు తెరిచి రొప్పుతుంది. మామూలుగా నిమిషానికి పాతిక ముప్ఫై సార్లు తీసే ఊపిరి నూట యాభై దాటుతుంది. నాలుక, గొంతు తడి ఆవిరై ఆ మేరకు ఒళ్లు చల్లబడుతుంది. కుక్క చేసే పని కూడా ఇదే.

పెరట్లో తిరిగే నాటుకోడికి ఈ బాధ ఇంతగా లేదు. పది గంటలయ్యేసరికి అది కుండీ పక్కనో, వేపచెట్టు కిందో చేరుతుంది. తడి మట్టిని కాళ్లతో గీకి, గుంట చేసి, అందులో పొట్ట ఆనించి పడుకుంటుంది. సంక్రాంతి పందెం పుంజుకైతే యజమాని స్వయంగా నీడ చూసి కట్టేసి, ఒళ్లు తడి గుడ్డతో తుడుస్తాడు. బోనులో ఉన్న పెట్టకు మట్టి లేదు, చెట్టు లేదు, దూరం జరగడానికి చోటు లేదు. పక్క కోడి ఒంటి వేడి కూడా దానికే తగులుతుంది. ఎక్కడ చల్లగా ఉంటుందో దానికి తెలుసు, పోవడానికే దారి లేదు. కనుక దాని బదులు ఆలోచించవలసింది షెడ్డు కట్టినవాడు.

కోళ్ల ఒంటి వేడిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కిలోన్నర బరువున్న పెట్ట పగలూ రాత్రీ పది వాట్ల బల్బు పాటి వేడిని వదులుతూ ఉంటుంది. పదివేల కోళ్లున్న షెడ్డులో ఇది వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు వంద వెలిగించి పెట్టినట్టు. పైన రేకు కాగుతుంటే లోపల ఈ వంద ఇస్త్రీపెట్టెలు. గాలి ఆడకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

చలి దెబ్బ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెద్ద కోడికి మన చలి లెక్కలోది కాదు గానీ, పిల్లలకు మాత్రం చలే యముడు. మొదటి వారం పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. ఆ తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోతారు. పనితెలిసిన రైతు థర్మామీటరు కంటే పిల్లలనే చూస్తాడు. బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. బల్బుకు దూరంగా పోయి రెక్కలు వాల్చితే వేడి ఎక్కువ. షెడ్డంతా సమానంగా పరుచుకుని మేత ఏరుకుంటే సరిపోయినట్టు. చలికి భయపడి పరదాలు పూర్తిగా దించేస్తే రెట్టల అమ్మోనియా ఘాటుకు పిల్లల కళ్లు, ఊపిరితిత్తులు చెడతాయి. అదొక తంటా.

పెంకు పలచన ఎందుకవుతుంది?

వేసవిలో గుడ్డు పెంకు పలచబడుతుందని ప్రతి రైతుకూ తెలుసు. చాలామంది మేతలో సున్నం తగ్గిందని గుల్ల, రాతి పొడి పెంచుతారు. అది సగమే నిజం. మిగతా సగం ఆ రొప్పులో ఉంది. కోడి గబగబా ఊపిరి వదిలేటప్పుడు నీటి ఆవిరితో పాటు బొగ్గుపులుసు వాయువు కూడా మితిమీరి బయటకు పోతుంది. పెంకు కాల్షియం కార్బొనేట్‌తో కట్టేది. అందులో కార్బొనేట్ భాగం ఆ వాయువు నుంచే రావాలి. రక్తంలో అది తరిగిపోతే ఎంత గుల్ల తినిపించినా పెంకు గట్టిపడదు. వేసవిలో దాణాలో వంటసోడా కలపమని పశువైద్యులు చెప్పేది ఇందుకే. పొటాషియం లవణాలు, సి విటమిను నీళ్లలో ఇవ్వమనేదీ రొప్పువల్ల పోయిన వాటిని భర్తీ చేయడానికే.

మరో సంగతి. పెంకు కట్టుకోవడానికి ఇంచుమించు ఇరవై గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రి వేళే. కనుక గుల్ల సాయంత్రం మేతలో ముక్కలుగా ఇస్తే రాత్రంతా కొంచెం కొంచెంగా కరిగి పనికొస్తుంది. పొడిగా చేసి పొద్దున వేస్తే అక్కరకు వచ్చేది తక్కువ. రాత్రి చల్లబడితే కోడి కోలుకుంటుంది, తింటుంది, పెంకు కడుతుంది. రాత్రి కూడా 30 డిగ్రీలకు దిగకపోతే మర్నాటి ఎండను అలసిన ఒంటితో ఎదుర్కోవాలి. వరసగా నాలుగైదు రాత్రులు ఉక్కపోస్తే ఐదో రోజు మధ్యాహ్నం కోళ్లు పడిపోవడానికి కారణం ఇదే. ఆ ఒక్క రోజు ఎండ కాదు.

మేత సంగతీ అంతే. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. పొద్దున పదింటికి తిన్నదాని వేడి రెండు, నాలుగు గంటల మధ్య పైకి వస్తుంది. సరిగ్గా ఎండ మండే వేళ. అందుకే కోడి తనంతట తానే తినడం మానేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లైట్లు వేసి మేత పెట్టడం, పగలు తొట్లు ఖాళీగా ఉంచడం, పొద్దు వాలాక మళ్లీ వేయడం అందుకే అలవాటులోకి వచ్చింది. నీళ్లు మాత్రం పగలంతా ఉండాలి. చల్లటి రోజుల్లో మేతకు రెండింతలు తాగే కోడి ఎండల్లో నాలుగైదింతలు తాగుతుంది. ఇక్కడే చాలా షెడ్లలో పొరపాటు జరుగుతోంది. నీళ్ల ట్యాంకు పైన ఎండలో, గొట్టాలు రేకు కింద. మధ్యాహ్నానికి నిప్పిల్‌లో వచ్చే నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. ముక్కు పెట్టి వదిలేస్తుంది కోడి. నీళ్లున్నాయి కదా అని రైతు ధైర్యంగా ఉంటాడు. ట్యాంకు మీద ఒక తాటాకు పందిరి, గొట్టాల్లో నిలవ నీళ్లు గంటకోసారి వదిలేయడం. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు.

పదివేల కోళ్ల లెక్క

పదివేల పెట్టలున్న ఒక షెడ్డు తీసుకుందాం. మామూలు రోజుల్లో నూటికి తొంభై చొప్పున రోజుకు తొమ్మిది వేల గుడ్లు. ఎండల్లో ఇది 78కి దిగిందనుకుంటే రోజుకు 1,200 గుడ్లు తగ్గుతాయి. గుడ్డు ఐదు రూపాయలనుకుంటే ఆరు వేలు. మిగిలిన గుడ్లలో నూటికి ఐదు అదనంగా పగిలితే వాటిని సగం ధరకు వదిలించుకోవాలి. మరో వెయ్యి రూపాయలు. మొత్తం ఏడు వేలు.

మేత మిగిలింది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, దాన్ని కూడా పట్టీలో వేయాలి. కోడికి 110 గ్రాములు తినేది 100 గ్రాములే తింటే రోజుకు వంద కిలోల దాణా మిగులుతుంది. కిలో 28 రూపాయలనుకుంటే 2,800. కానీ తక్కువ తినే కోడికి అదే బలం అందాలంటే దాణా చిక్కగా కలపాలి. సోయా, ఖనిజ లవణాలు పెరుగుతాయి. కిలోకు ఒక్క రూపాయి పెరిగినా వెయ్యి కిలోలకు వెయ్యి రూపాయలు. అన్నీ తీసివేయగా రోజుకు ఐదు వేల పైచిలుకు నికర నష్టం. నలభై రోజుల ఎండకు రెండు లక్షలు దాటుతుంది. మందులు, నీళ్లు, కరెంటు ఇందులో చేర్చలేదు.

అదే షెడ్డులో ఎండకు నూటికి రెండు చొప్పున 200 కోళ్లు చచ్చాయనుకుందాం. కోడి 300 రూపాయలనుకున్నా అరవై వేలు. వార్త అయ్యేది ఈ అరవై వేలే. ఆ రెండు లక్షలకు పేరు లేదు. పోనీ ఎండలు తగ్గగానే అంతా సర్దుకుంటుందా అంటే అదీ లేదు. గుడ్లు మొదలుపెట్టే వయసులో ఎండకు చిక్కిన పెట్ట బరువు తప్పితే ఆ బ్యాచ్ అంతా ఆశించిన ఎత్తుకు చేరదు. ఆ దెబ్బ వానాకాలంలో కూడా కనిపిస్తూనే ఉంటుంది.

వేసవిలో గుడ్డు ధర కూడా సాధారణంగా కిందికే చూస్తుంది. గుడ్డు వేడి చేస్తుందని జనం మానడం ఒకటి, నిలవ ఉండదని వ్యాపారి తొందరపడటం ఒకటి. ఇక్కడి గుడ్లు బీహారు, బెంగాలు, అస్సాం వరకు లారీల మీద పోతాయి. రెండు మూడు రోజుల ప్రయాణం. పలచ పెంకు గుడ్లు ఆ దారిలో ఎన్ని నిలుస్తాయో అవతలివాడు దించుకుని చెప్పే దాకా తెలియదు. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం రోజూ ధర ప్రకటిస్తుంది. ఆ ధర నిలబెట్టడానికి సంఘం ఉంది గానీ, పగిలిన గుడ్డుకు ఏ సంఘమూ లేదు.

పైకప్పు దగ్గరే గెలుపు ఓటములు

షెడ్డు కట్టే రోజే దాని వేడి సగం నిర్ణయమైపోతుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఎండ పక్కల నుంచి లోపలికి దూరదు. వెడల్పు ముప్ఫై అడుగులు మించకూడదు. మించితే ఈ పక్క గాలి ఆ పక్కకు చేరదు. చూరు ముందుకు ఉండాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య యాభై అడుగులైనా ఖాళీ ఉండాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. రైతులకు తెలియనివీ కావు. కానీ డెల్టాలో ఎకరం ధర చూస్తే యాభై అడుగులు ఖాళీ వదలడం ఎవరికి సాధ్యం? చేను గట్లు ఉత్తర దక్షిణాలుగా ఉంటే షెడ్డూ అలాగే లేస్తుంది. ఉన్న చోటులో రెండు షెడ్లు పట్టే దగ్గర మూడు కడతారు. ఒక షెడ్డు వేడి గాలి రెండో షెడ్డు పీల్చుకుంటుంది.

రేకుకు సున్నం కొట్టడం అందరికంటే చవక పని. తెల్లటి రేకు ఎండను తిప్పికొడుతుంది. లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆ రెండు మూడు డిగ్రీలే చాలా చోట్ల ప్రాణం నిలుపుతాయి. కొందరు వరిగడ్డి పరిచి తడుపుతారు. ఇదీ మంచిదే. కానీ నిప్పు భయం, ఎలుకల బెడద ఉన్నాయి. పక్కలకు కట్టే గోనె పట్టాల విషయంలో జాగ్రత్త కావాలి. తడిపిన పట్టా మీదుగా గాలి ఆడితే చల్లదనం. గాలి ఆడకుండా బిగించి కడితే షెడ్డు ఉడుకుతున్న కుండ అవుతుంది. షెడ్ల మధ్య కొబ్బరి చెట్లు వేసుకున్నవారు ఒక విధంగా అదృష్టవంతులు. నీడ పైన పడుతుంది, మాను దగ్గర గాలికి అడ్డు ఉండదు. బోనులు మూడు నాలుగు అంతస్తులుగా ఉన్న చోట పై వరస కోళ్లే ముందు పడతాయి. రేకుకు దగ్గర అవే కనుక. చచ్చిన కోళ్లు ఏ వరసవో రాసిపెట్టుకునే రైతుకు తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

తణుకు వేరు, సిద్దిపేట వేరు

టీవీలో డిగ్రీలు చూసి సిద్దిపేటలో 40 కదా, తణుకులో 36 కదా, మనమే నయం అనుకోవడం కద్దు. కోడి లెక్కలో ఇది తలకిందులు. రొప్పితే ఒళ్లు చల్లబడేది తడి ఆవిరి కావడం వల్ల. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? 40 డిగ్రీల ఎండలో గాలి తేమ నూటికి పాతిక ఉంటే, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 24 డిగ్రీలు చూపిస్తుంది. 36 డిగ్రీల ఎండలో తేమ 65 ఉంటే అదే థర్మామీటరు 30 చూపిస్తుంది. అంటే ఎంత రొప్పినా, ఎంత నీరు చల్లినా దాని కిందికి దిగే వీలు లేదు.

అందుకే ఒక చోట పనికొచ్చిన ఉపాయం ఇంకో చోట ఎదురు తిరుగుతుంది. పొడి ఎండల తెలంగాణ జిల్లాల్లో, రాయలసీమలో ఫాగర్లతో మంచు తుంపర కొడితే షెడ్డు బాగా చల్లబడుతుంది. గోదావరి పల్లెల్లో ఉక్కపోసే మధ్యాహ్నం అదే పని చేస్తే, గాలి ఆడకపోతే, కోడికి ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. ఇక్కడ ముందు గాలి, తర్వాతే నీరు. ఫ్యాను తిరుగుతూ ఉంటే తుంపర. ఫ్యాను లేకపోతే రేకు పైన నీళ్లు చల్లాలి గానీ లోపల కాదు. ఈ తేడా చెప్పేవారు ఊళ్లలో తక్కువ. పరికరాలు అమ్మేవారు అంతటా ఒకటే చెబుతారు.

ఇప్పుడు మాట అంతా మూత షెడ్ల మీద నడుస్తోంది. నాలుగు వైపులా మూసి, ఒక కొస తడి ప్యాడ్లు, మరో కొస పెద్ద ఫ్యాన్లు పెట్టి గాలిని గుహలో లాగినట్టు లాగే పద్ధతి ఇది. ఈ షెడ్లలో కోడి హాయిగా ఉంటుంది. మేత కలిసొస్తుంది, ఏడాదంతా గుడ్డు ఒకే తీరుగా ఉంటుంది. కాదనే పని లేదు. పొడి ప్రాంతంలో 40 డిగ్రీల గాలి ప్యాడ్ దాటేసరికి 27, 28కి దిగుతుంది. తీరంలో 36 డిగ్రీల గాలి 31 దాకానే దిగుతుంది. గాలి వేగం వల్ల మరికొంత ఉపశమనం. అయితే దీనికి పెట్టుబడి చిన్న రైతు అందుకునేది కాదు. పైగా కరెంటు. తెరిచిన షెడ్డులో కరెంటు పోతే కోడి బాధపడుతుంది. మూత షెడ్డులో ఫ్యాన్లు ఆగితే అరగంట లోపే ఊపిరాడక గుట్టలుగా పడిపోతాయి. జనరేటరు, అది నడవకపోతే మరో జనరేటరు, రాత్రంతా మేలుకునే మనిషి కావాలి. లక్ష కోళ్లున్న ఆసామికి ఇది గిట్టుబాటు. ఐదు వేల కోళ్లున్నవాడికి కాదు. దీనితో వేసవి ఒక జల్లెడ పనిచేస్తోంది. ఏటా కొందరు చిన్న రైతులు షెడ్డు ఖాళీ చేసి అద్దెకిచ్చుకుంటున్నారు.

బ్రాయిలర్ రైతు పాట్లు

మాంసం కోళ్లు పెంచే రైతుల కథ ఇంకో రకం. వీరిలో ఎక్కువమంది కంపెనీల తరఫున పెంచేవారు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, నీళ్లు, కరెంటు, చాకిరీ రైతువి. కోడి బరువెక్కాక కిలోకు ఇంత అని పెంపకం కూలి ఇస్తారు. తిన్న మేతకు వచ్చిన బరువు తగ్గినా, చావులు కంపెనీ పెట్టిన హద్దు దాటినా ఆ కూలి కోసుకుపోతుంది.

ఎండ అన్నిటికంటే ముందు కొట్టేది రెండు కిలోలకు దగ్గరపడిన కోడినే. బరువు ఎక్కువైన కొద్దీ వేడి ఎక్కువ, అది బయటకు పోయే దారి తక్కువ. అంటే ముప్ఫై ఐదు రోజులు మేపి, రేపో ఎల్లుండో ఎత్తాల్సిన కోడి చస్తుంది. అప్పటికి అది తినాల్సిన మేతంతా తినేసింది. లారీ ఒక రోజు ఆలస్యమైతే ఆ నష్టం రైతు పట్టీలో పడుతుంది. లారీ ఎప్పుడు రావాలో నిర్ణయించేది రైతు కాదు. పిల్లలు ఎన్ని దించాలో నిర్ణయించేదీ రైతు కాదు. వేసవిలో కోడికి అడుగు చోటు చాలదు, నూటికి పది పదిహేను పిల్లలు తగ్గించి వేయాలని అందరికీ తెలుసు. తగ్గిస్తే కూలి తగ్గుతుంది, తగ్గించకపోతే చావులు పెరుగుతాయి. రెండు విధాలా కోత రైతుకే. చావుల వల్ల బజారులో మాంసం ధర పెరిగితే ఆ లాభం మాత్రం కోడి ఎవరిదో వారిది.

ఊక మీద పెంచే ఈ కోళ్లు మధ్యాహ్నం కదలకుండా కూర్చుంటే వాటి కింద వేడి నిలిచిపోతుంది. షెడ్డులో నెమ్మదిగా ఒక చుట్టు నడిస్తే అవి లేచి సర్దుకుంటాయి, కింది వేడి పోతుంది. రైతు భార్య, పిల్లలు వంతులవారీగా చేసే పని ఇది. ఈ చాకిరీకి ఏ పట్టీలోనూ గడి లేదు. పెద్ద ఫారాల్లో ఈ పనులు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు చేస్తున్నాయి. కోళ్లు తట్టుకోలేని ఆ రేకుల కిందే వారూ మధ్యాహ్నాలు గడుపుతున్నారని వేరే చెప్పాలా?

చలికి సాయం, ఎండకు లేదు

విపత్తుల సాయం విషయానికి వస్తే విచిత్రం కనిపిస్తుంది. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన నిబంధనల జాబితాలో తుపాను, వరద, కరవు, వడగళ్లు ఉన్నాయి. చలిగాలులు, మంచు కూడా ఉన్నాయి. వడగాడ్పులు లేవు. రాష్ట్రాలు తమ నిధిలో పదో వంతు వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చన్న వెసులుబాటు మాత్రం ఉంది. దాని ఆధారంగా తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు సాయం నాలుగు లక్షలుగా నిర్ణయించింది. అది మనుషులకు. మంచి పనే. కోళ్ల ఊసు అందులో లేదు.

పోనీ జాబితాలో ఉన్న తుపానులో కోళ్లు పోతే ఎంత వస్తుంది? అవే నిబంధనల ప్రకారం కోడికి వంద రూపాయలు. కుటుంబానికి పదివేలు మించకుండా. పెరట్లో ఇరవై కోళ్లున్న ఇల్లాలికి అది ఆసరాయే. ఐదు వేల కోళ్ల షెడ్డు వేసి బ్యాంకు అప్పు కడుతున్నవాడికి అది వారం రోజుల దాణాకు కూడా చాలదు. కోళ్ల బీమా ఉంది గానీ అదీ మృతి చెందిన కోడికే. గుడ్డు తగ్గితే పాలసీకి సంబంధం లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కోళ్లను పూడ్చిపెట్టారు, కొన్నాళ్లు అమ్మకాలు పడిపోయాయి. ఆ దెబ్బ నుంచి లేవకముందే అదే ఏడు వేసవి వచ్చి పడింది.

నష్టం చూపడానికి ఆధారాలు లేవనడానికి కూడా వీల్లేదు. ఏ లేయర్ ఫారానికి వెళ్లినా గోడకు ఒక పట్టిక వేలాడుతుంది. ఎంత మేత వేశారు, ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎన్ని పగిలాయి, ఎన్ని చచ్చాయి. రోజువారీగా రాసి ఉంటుంది. దానికి పక్కన షెడ్డులో మధ్యాహ్నం రెండింటి వేడి, తేమ రాసే గడి ఒకటి చేరిస్తే ఎండకూ గుడ్డుకూ ఉన్న లంకె అంకెల్లో తేలుతుంది. వంద రూపాయల థర్మామీటరు చాలు. నాలుగైదేళ్ల పట్టికలు కలిపి చూస్తే ఏ ఊళ్లో ఏ రకం పైకప్పు కింద ఎంత పోతోందో పశుసంవర్ధక శాఖకు ఇట్టే తెలుస్తుంది. మరణాల బదులు గుడ్ల తగ్గుదల మీద చెల్లించే బీమా పెట్టాలన్నా ఆ పట్టికే ఆధారం.

ఈలోగా మరో కొత్త ఖర్చు తలుపు తడుతోంది. గుడ్ల కోళ్ల విషయంలో కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం బోనులో ఒక్కో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల చోటు ఉండాలి. మనం దరఖాస్తు రాసుకునే ఏ4 కాగితం 620 పైచిలుకు ఉంటుంది. అంటే కాగితం కంటే తక్కువే. అయినా ఇప్పుడు అనేక ఫారాల్లో ఉన్నదానికంటే అది ఎక్కువ. పాత ఫారాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. చోటు పెరిగితే కోడికి గాలి తగులుతుంది, పక్క కోడి వేడి తగ్గుతుంది. వేసవిలో ఇది రైతుకూ మేలే. కానీ అదే షెడ్డులో కోళ్ల సంఖ్య తగ్గుతుంది, బోనులు మార్చాలి. ఎలాగూ బోనులు విప్పాల్సి వస్తోంది కనుక ఆ పనిలోనే పైకప్పు ఎత్తు పెంచడం, చూరు సాగదీయడం, నీళ్ల ట్యాంకు నీడకు మార్చడం కూడా కానిచ్చుకునే వీలుంది. అందుకు తక్కువ వడ్డీకి అప్పు కావాలి. అది చేతికి రావలసింది శివరాత్రి లోపు. ఉగాది దాటాక వచ్చిన డబ్బుతో రేకు విప్పితే, కింద కోళ్లుంటాయి, పైన ఎండ ఉంటుంది.